ర్యాంపు మీది సొగసు.. అంగడి ధరకే!

ఆసిఫాబాద్: 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్ నగరంలో ప్రాడా సంస్థ పురుషుల దుస్తుల ప్రదర్శన నిర్వహించింది. వేదికపై నడిచిన మోడళ్లలో కొందరి కాళ్లకు తోలు చెప్పులున్నాయి. వాటిని చూసిన భారతీయులకు ఎక్కువ సేపు ఆలోచించవలసిన పని లేకపోయింది. అవి అచ్చంగా కొల్హాపురి చెప్పులే. 2019లోనే భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనితనం ఊసెత్తకుండా ప్రదర్శించడంపై మహారాష్ట్రలో నిరసన వ్యక్తమైంది. దాంతో తమకు భారతీయ హస్తకళే ప్రేరణ అని సంస్థ అంగీకరించింది. అదే ఏడాది డిసెంబరులో, కొల్హాపురి తరహాలో 2,000 జతలు భారత్‌లోనే తయారు చేయించి, జత సుమారు 800 యూరోలకు విక్రయిస్తామని ప్రకటించింది. మన లెక్కలో ఎనభై వేల రూపాయలకు పైమాటే!

మంచిర్యాల నుంచి చంద్రపూర్ వెళ్లే రహదారిపై ఉన్న ఆసిఫాబాద్ వాసులకు ఈ చెప్పులు కొత్తవి కావు. వాంకిడి దాటితే మహారాష్ట్రే. రాకపోకలు, వియ్యాలు, వ్యాపారాలు సరిహద్దుకు అటూ ఇటూ ఎప్పటి నుంచో సాగుతున్నాయి. వాటితోపాటే కట్టూబొట్టూ సాగుతున్నాయి. కొల్హాపురి చెప్పులు తొడిగి తిరిగిన పెద్దలు జిల్లాలో ఎందరో ఉన్నారు. వారెవరూ తాము ఫ్యాషన్‌ను అనుసరిస్తున్నామని అనుకోలేదు.

ఈ ఉదంతంలో కొనుగోలుదారులు గమనించవలసిన లెక్క ఒకటి ఉంది. పాశ్చాత్య వేదికపై కనిపించిన సొగసుకు ఎనభై వేలు పెట్టనవసరం లేదు. ఆ ధరలో తోలుకు, పనితనానికి చెల్లించేది కొంతే. మిగిలినదంతా పేరుకు చెల్లించేది. పేరును పక్కన పెట్టి, సొగసు దేనిలో ఉందో గుర్తించగలిగితే అదే తీరును జిల్లాలోని బట్టల దుకాణం, దర్జీ మిషన్ సహాయంతో సాధించుకోవచ్చు. అది ఎలాగో, ఎక్కడ సాధ్యం కాదో ఈ కథనంలో చూద్దాం.

వేదిక నుంచి వీధికి..

ప్రపంచంలో న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ నగరాల ప్రదర్శనలు ఫ్యాషన్‌కు దిక్సూచి వంటివి. ఏటా రెండు విడతలుగా ఇవి జరుగుతాయి. ఫిబ్రవరి-మార్చి మాసాల్లో రాబోయే చలికాలపు దుస్తులను, సెప్టెంబరు-అక్టోబరు మాసాల్లో మరుసటి ఏడాది వేసవి దుస్తులను చూపుతారు. అంటే దుకాణానికి రావడానికి ఆరు నెలల ముందే నమూనా బయటపడుతుంది. మన దేశంలో ఫ్యాషన్ డిజైన్ కౌన్సిల్ 1998లో ఏర్పడింది. 2000లో ఢిల్లీలో తొలి ఫ్యాషన్ వారోత్సవం జరిగింది. తర్వాత ముంబయి, ఢిల్లీలు రెండూ ఈ ప్రదర్శనలకు నెలవులయ్యాయి.

ఈ ఆరు నెలల వ్యవధే అనుకరణకు అవకాశమిచ్చింది. జారా వంటి సంస్థలు ప్రదర్శనలోని తీరును కొద్ది వారాల్లోనే చౌక దుస్తులుగా మార్చి అమ్మడం ద్వారా ప్రపంచవ్యాప్తంగా ఎదిగాయి. మన దేశంలో ఆ పనిలో సూరత్ మిల్లులది ప్రధాన పాత్ర. పెద్ద డిజైనర్ చీరపై కనిపించిన పువ్వు, గీత, మెరుపు అనతి కాలంలోనే సూరత్‌లో పాలిస్టర్ బట్టపై అచ్చవుతాయి. అవి హైదరాబాద్‌లోని మదీనా, పత్తర్‌గట్టి టోకు దుకాణాలకు, అక్కడి నుంచి మంచిర్యాల, కాగజ్‌నగర్, ఆసిఫాబాద్ దుకాణాలకు చేరతాయి. చివరకు జైనూరు, కెరమెరి అంగళ్లలో టార్పాలిన్ పట్టాల మీద కుప్పగా పోసి అమ్ముతారు.

ఫొటో మాత్రం ఇంత ప్రయాణం చేయదు. పారిస్‌లో మోడల్ వేదిక దిగకముందే తిర్యాణిలోని విద్యార్థిని సెల్‌ఫోన్‌లో ఆ ఫొటో ప్రత్యక్షమవుతుంది. కోరిక ఆ రోజే పుడుతుంది, బట్ట కొన్ని నెలల తర్వాత వస్తుంది. ఈ ఆలస్యాన్ని లోటుగా భావించనవసరం లేదు. వేదిక మీద మెరిసిన వాటిలో నాలుగు కాలాలు నిలిచేవి కొన్నే. మిగిలినవి పత్రికల్లో కనిపించి మాయమవుతాయి. ఏది నిలిచిందో తేలిన తర్వాత కొనేవారికి నష్టం తక్కువ.

మన ర్యాంపు.. వెండితెరే

నిజానికి తెలుగువారికి ఫ్యాషన్ ప్రదర్శన కొత్త కాదు. సినిమా హాలే మన ర్యాంపు. డెబ్బైల్లో వాణిశ్రీ ఎత్తయిన కొప్పును, జాకెట్టు చేతుల తీరును చూసి ఊరూరా ఆడపడుచులు అద్దం ముందు సాధన చేశారు. 2005లో వచ్చిన హిందీ చిత్రం 'బంటీ ఔర్ బబ్లీ'తో పొట్టి కుర్తా, కుచ్చుల పాటియాలా సల్వార్ దేశమంతా కుట్టించుకున్నారు. ఇక్కడ గుర్తించవలసినది 'కుట్టించుకున్నారు' అన్న మాట. అప్పట్లో నమూనా నటి ఒంటి మీద ఉండేది. బట్ట దుకాణంలో, నైపుణ్యం దర్జీ చేతిలో ఉండేవి. మూడింటినీ కలిపే తెలివి కొనేవారిది.

'మహానటి' చిత్రం (2018) ఇందుకు మరో ఉదాహరణ. ఆ చిత్రానికి దుస్తులు రూపొందించిన ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావులకు జాతీయ పురస్కారం లభించింది. హైదరాబాద్‌కు చెందిన గౌరంగ్ షా చేనేతను ఫ్యాషన్ వేదికలపైకి తీసుకెళ్లిన డిజైనర్‌గా సుపరిచితులు. ఆయన చీర కొనడం సామాన్యులకు సాధ్యం కాదు. అయితే ఆ చిత్రంలో కనిపించే సొగసు చాలావరకు మోచేతుల దాకా ఉన్న జాకెట్టు, మెడకు దగ్గరగా ఉండే గళం, బరువైన అంచు, సాదా మధ్యభాగం.. వీటిలోనే ఉంది. ఈ నాలుగింటికీ లక్షలు అవసరం లేదు. అమ్మమ్మ పెట్టెలోని పాత చీర, మీటరు జాకెట్టు బట్ట, పాత పద్ధతి తెలిసిన దర్జీ ఉంటే చాలు.

ఫొటోలో ఏం చూడాలి?

ఫొటోను దర్జీకి చూపి "ఇలాగే కుట్టండి" అనడం పొరపాటు. మోడల్ ఎత్తు వేరు, మన ఎత్తు వేరు. ఆమె ధరించినది ప్రవహించే పట్టు, మన చేతిలో ఉన్నది బిరుసు పాలిస్టర్. రెండూ ఒకే కత్తిరింపుతో ఒకేలా కనిపించవు. కాబట్టి ఫొటోను ముక్కలుగా విడదీసి చూడాలి. కళ్లు సగం మూసి చూస్తే మొదట కనిపించేది మొత్తం ఆకారం. పైన వదులు, కింద బిగువా? లేక పైన బిగువు, కింద వెడల్పా? ఏ కాలపు ఫ్యాషన్‌కైనా ప్రాణం ఈ ఆకారంలోనే ఉంటుంది. తర్వాత చూడవలసినది పొడవు. కుర్తా మోకాలి పైన ఆగిందా, పిక్క మధ్యకు దిగిందా అన్నదే ఏ ఏటి తీరో చెప్పేస్తుంది. ఆ తర్వాతే గళం, చేతులు. రాళ్లు, పూసలు, అద్దాలు, మగ్గం పని చివరి వరుసలోవి. కానీ మనవారు ఖర్చు పెట్టేది ముందుగా వీటిపైనే! ఆకారం సరిగా లేని జాకెట్టుపై వేల రూపాయల మగ్గం పని చేయించడం కంటే, చక్కగా అమరిన సాదా జాకెట్టు కంటికి ఇంపుగా ఉంటుంది.

రంగు విషయంలో మాత్రం ఆసిఫాబాద్ వాసులకు ఈ మధ్య కాలం బాగా కలిసివచ్చింది. అమెరికాకు చెందిన ప్యాంటోన్ సంస్థ ఏటా ఒక రంగును ఎంపిక చేస్తుంది. దుస్తుల నుంచి సెల్‌ఫోన్ కవర్ల దాకా దాని ప్రభావం కనిపిస్తుంది. 2025కు ఎంపికైనది 'మోకా మూస్', అంటే పాలు కలిపిన కాఫీ వంటి మెత్తని గోధుమ రంగు. 2026కు 'క్లౌడ్ డాన్సర్', అంటే మబ్బు తెలుపు. మొదటిది చూడగానే ఈ ప్రాంతంవారికి గుర్తుకు రావలసినది దసలి పట్టు. రెండవది మన చేలలోని పత్తి. రంగు వేయని కోరా బట్ట సరిగ్గా ఆ ఛాయలోనే ఉంటుంది. సంవత్సరపు రంగు కోసం ప్రపంచమంతా అద్దకాలు వెతుకుతుంటే, మనకు అద్దకమే అవసరం లేదు.

అడవిలో పుట్టిన పట్టు

దసలి పట్టు గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. మల్బరీ ఆకు మేసి ఇంట్లో పెరిగే పట్టుపురుగు వేరు, ఇది వేరు. దసలి పురుగు అడవిలో మద్ది చెట్ల ఆకులు తిని, ఆరుబయటే గూడు కడుతుంది. పక్షులు, చీమల నుంచి కాపాడుతూ రైతులు చెట్ల కింద రోజుల తరబడి కావలి ఉంటారు. ప్రాణహిత తీరంలో చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి అటవీ గ్రామాల్లో ఈ పెంపకం దశాబ్దాలుగా జీవనాధారం. నదికి దిగువన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో భాగమైన మహదేవ్‌పూర్ ఈ దారంతో నేసే చీరలకు ప్రసిద్ధి. ఇప్పుడది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. తేనె, రాగి కలిసినట్లుండే దీని సహజ వర్ణం, కాస్త గరుకైన నేత పెద్ద డిజైనర్లకు ప్రీతిపాత్రం.

అసలైన దసలి చీర వేల రూపాయలు పలుకుతుంది. పొదుపు గురించి చెబుతూ దాన్ని కొనుమనడం సమంజసం కాదు. కానీ చీరంతా దసలి కానవసరం లేదు. జాకెట్టుకు మీటరులోపు బట్ట చాలు. సాదా నూలు చీరపై దసలి జాకెట్టు ధరిస్తే కట్టు మొత్తం తీరే మారిపోతుంది. పైగా ఆ ఒక్క జాకెట్టు నాలుగైదు చీరలకు జత అవుతుంది.

ఇక్కడ మోసానికి కూడా ఆస్కారముంది. 'టస్సర్' పేరిట అతి చౌకగా అమ్మే వాటిలో పాలిస్టర్, విస్కోస్ దారాలు ఉంటాయి. అనుమానం ఉంటే బట్ట అంచు నుంచి రెండు దారాలు లాగి, జాగ్రత్తగా అగ్గిపుల్లతో కాల్చి చూడవచ్చు. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. నూలు కాగితంలా కాలిపోతుంది. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలోని సిల్క్ మార్క్ (2004), చేనేత వస్త్రాలకు ఇచ్చే హ్యాండ్లూమ్ మార్క్ (2006) చీటీలు ఉంటే ఈ పరీక్ష అవసరం రాదు.

బట్ట దగ్గర పిసినారితనం వద్దు

తక్కువ ఖర్చు అనగానే తక్కువ ధర బట్ట కొనడం అలవాటు. లెక్క వేసి చూస్తే అది ఖరీదైన అలవాటు. ఉదాహరణకు రూ.600 పెట్టి కొన్న రెడీమేడ్ కుర్తా నాలుగు ఉతుకులకు రంగు దిగి మూలన పడితే, తొడిగిన ప్రతిసారీ రూ.150 ఖర్చయినట్లు. బట్ట, కుట్టుకూలి కలిపి రూ.1,200 అయిన నూలు కుర్తాను నలభై సార్లు తొడిగితే ప్రతిసారీ రూ.30 మాత్రమే. పండక్కి ఒకసారి తొడిగి దాచుకొనే దుస్తులకు ఈ లెక్క తలకిందులవుతుంది. అలాంటి వాటిపై వీలైనంత తక్కువ పెట్టడమే వివేకం. కానీ పెళ్లిళ్ల సీజన్‌లో జిల్లాలో జరిగేది దీనికి విరుద్ధం. ఒక్క రిసెప్షన్‌కు వేసుకొనే లెహంగాకు వేలు పోసి, రోజూ కళాశాలకు వేసుకొనే దుస్తుల దగ్గర పొదుపు పాటిస్తారు.

వాతావరణం మరో అంశం. ఎండాకాలంలో 45 డిగ్రీలు తాకే ప్రాంతం ఇది. చలికాలంలో సిర్పూర్(యు), తిర్యాణి వంటి చోట్ల కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోతుంది. వేసవిలో పాలిస్టర్ తొడిగితే చెమట ఆరదు, వంటింట్లో నిప్పు అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. పలుచని నూలు, లినెన్ కలిసిన బట్ట మేలు. చలికాలంలో మాత్రం పాశ్చాత్య డిజైనర్లు చూపే పొరల పద్ధతి ఇక్కడ నిజంగానే పనికొస్తుంది. పొడవాటి కుర్తాపై చేతులు లేని కోటు, దానిపై శాలువా అన్నది హైదరాబాద్‌లో వేషంగా కనిపించవచ్చు గానీ, డిసెంబరులో తెల్లవారుజామున ఆసిఫాబాద్ బస్టాండులో నిలబడినవారికి అది అవసరం.

పన్ను విషయం కూడా తెలిసి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి రూ.2,500 వరకు ధర ఉన్న రెడీమేడ్ దుస్తులపై జీఎస్టీ 5 శాతం, ఆపైన 18 శాతం. అంటే రూ.2,500 గీతకు కాస్త పైన ఉన్న దుస్తుల కంటే కాస్త కింద ఉన్నవి కొంటే మిగిలేది అంకెల్లో కనిపించే దానికన్నా ఎక్కువ.

దర్జీయే డిజైనర్

పారిస్‌లో పెద్ద సంస్థల ప్రతిష్ఠ కొలతలు తీసి ఒక్కరి కోసం కుట్టే దుస్తులతోనే నిలిచింది. ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఆ సౌకర్యం మన బజారులో ఇప్పటికీ మామూలు విషయం! చేతిలో టేపు, చెవిలో సుద్దముక్కతో కూర్చున్న దర్జీ చేసేది అదే పని. రెడీమేడ్ దుకాణాలు, ఆన్‌లైన్ అమ్మకాలు పెరిగాక కొత్తవి కుట్టించేవారు తగ్గారు. ప్యాంటు అడుగు కత్తిరించడం, చీరకు ఫాల్ కుట్టడం, జిప్పు మార్చడం వంటి పనులతో నెట్టుకొచ్చే దుకాణాలు ప్రతి పట్టణంలోనూ కనిపిస్తాయి. ఈ నైపుణ్యం కనుమరుగైతే తక్కువ ఖర్చులో ఒంటికి అమరే దుస్తులు వేసుకొనే దారి కూడా మూసుకుపోతుంది.

దర్జీ వద్దకు వెళ్లే ముందు కొన్ని పనులు ఇంట్లోనే పూర్తి చేసుకోవాలి. నూలు బట్టను రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరవేయాలి. లేకుంటే కుట్టించిన తర్వాత మొదటి ఉతుకుకే కురచ అవుతుంది. బట్ట కొనేటప్పుడు పన్నా ఎంతో అడగాలి. 58 అంగుళాల పన్నా ఉంటే చొక్కాకు 1.6 మీటర్లు సరిపోతుంది. 36 అంగుళాలైతే 2.25 మీటర్లు కావాలి. మీటరు ధర తక్కువని ఇరుకు పన్నా బట్ట కొంటే చివరకు ఖర్చు సమానమే. ఒంటికి సరిగ్గా అమరిన పాత దుస్తులను నమూనాగా తీసుకెళితే ఫొటో కన్నా మేలు. "ఒంటికి ఈ కొలత, గళం మాత్రం ఫొటోలో ఉన్నట్లు, పొడవు రెండు అంగుళాలు ఎక్కువ" అని విడమరచి చెబితే దర్జీకి పని సులువవుతుంది. లోపలి కుట్టు వద్ద అంగుళం బట్ట వదలమని అడగడం మరవవద్దు. ఒళ్లు వచ్చినా, చెల్లెలికి ఇచ్చినా విప్పుకోవడానికి ఆ అంగుళమే ఆధారం.

కుర్రకారుకూ ఒక మాట. ఇప్పుడు నడుస్తున్న వదులు చొక్కాల తీరును కొందరు రెండు సైజులు పెద్దది కొనడమని భావిస్తున్నారు. డిజైనర్ వదులు చొక్కాలో భుజం కుట్టు కావాలనే కిందికి జార్చి, చేతిని పొట్టిగా, వెడల్పుగా కత్తిరిస్తారు. పెద్ద సైజు చొక్కాలో గళం కూడా పెద్దదై మెడ దగ్గర వేలాడుతుంది. చూసేవారికి అన్నయ్య చొక్కా తొడుక్కున్నట్లే అనిపిస్తుంది.

పెట్టెలోనే పెట్టుబడి

చాలా ఇళ్లలో కొత్త దుస్తులకు కావలసిన బట్ట ఇప్పటికే ఉంది. 2017 నుంచి 2023 వరకు నాటి రాష్ట్ర ప్రభుత్వం సిరిసిల్ల మరమగ్గాలపై నేయించి బతుకమ్మ చీరలు పంపిణీ చేసింది. ఉత్తర తెలంగాణలోని వృద్ధుల కోసం తొమ్మిది మీటర్ల చీరలు కూడా ఇచ్చారు. కట్టుకోకుండా పెట్టెల్లో ఉండిపోయినవి తక్కువేమీ కాదు. పాలిస్టర్ కాబట్టి చీరగా వేసవిలో ఇబ్బంది పెట్టవచ్చు. కానీ ఆ బట్ట చక్కగా జాలువారుతుంది, ముడత పడదు. నూలు లైనింగ్ వేసి కుట్టిస్తే కుచ్చుల పావడాకు, పొడవాటి పైకోటుకు భేషుగ్గా పనికొస్తుంది. జరీ అంచును కత్తిరించి సాదా దుపట్టాకు నాలుగు వైపులా కుట్టిస్తే దుకాణంలో దొరకని దుపట్టా తయారవుతుంది. పాత పట్టుచీరల్లోనూ ముందుగా చిరిగేది మధ్యభాగం, మిగిలి ఉండేది అంచు, కొంగు. ఆ రెండూ కొత్త బట్టకు ప్రాణం పోస్తాయి.

చీరకట్టు విషయంలో ఒక విచిత్రం ఉంది. తరుణ్ తహిలియానీ వంటి డిజైనర్లు ముందుగానే మడతలు కుట్టిన చీరలను వేదికపై చూపి పేరు తెచ్చుకున్నారు. ధోతీ చీర అన్న పేరుతో కాళ్ల మధ్య నుంచి కుచ్చిళ్లు తీసి వెనుక దోపిన తీరు సంపన్నుల పెళ్లిళ్లలో కనిపిస్తోంది. తొమ్మిది గజాల చీరను గోచీ పోసి కట్టుకొని పత్తి చేలలో పనిచేసే గోండు, మరాఠీ మహిళలకు ఇది నిత్యకృత్యం. నడకకు, పనికి అనువుగా ఉండటమే దాని అసలు ప్రయోజనం. కళాశాల వేడుకల్లో ధోతీ చీర కట్టాలనుకొనే యువతులు అద్దె దుకాణానికి వెళ్లే బదులు నాయనమ్మను అడిగితే పైసా ఖర్చు లేకుండా పని జరుగుతుంది.

అయితే అన్నింటినీ అలంకారంగా వాడుకోవడం తగదు. దీపావళి వేళ దండారీలో గుస్సాడీలు ధరించే నెమలి ఈకల కిరీటం దీక్షకు సంబంధించినది. ఆ నృత్యాన్ని దేశానికి పరిచయం చేసిన మార్లవాయి వాసి కనకరాజుకు 2021లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు. పెళ్లి ఫొటోల కోసం ఆ కిరీటాన్ని వేషంగా ధరించడం, ప్రాడా చెప్పుల విషయంలో మనం తప్పుపట్టిన పనినే మనమూ చేయడమవుతుంది.

అనుకరణ నేరమా?

డిజైనర్ దుస్తులను చూసి కుట్టించుకోవడం తప్పేమోనన్న సందేహం కొందరిలో ఉంది. చట్టం ఈ విషయంలో ఉదారంగానే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్ల చట్టం కింద నమోదుకు వీలుండీ నమోదు చేయించని నమూనాతో యాభైకి మించి ప్రతులు పారిశ్రామికంగా తయారైతే దానికి కాపీరైట్ రక్షణ ఉండదు. 2016లో రితికా, బిబా సంస్థల మధ్య వివాదంలో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షన్ ఆధారంగానే తీర్పు ఇచ్చింది. మనకోసం మనం ఒక జత కుట్టించుకోవడానికి, నమోదైన నమూనాను నకలు చేసి వ్యాపారం చేయడానికి చాలా తేడా ఉంది. సంస్థ పేరు, గుర్తు వేసి అమ్మడం వేరు సంగతి. అది ట్రేడ్‌మార్క్ చట్టం కింద నేరం. పేరున్న గుర్తు అతికించిన నకిలీ చేతిసంచి, బెల్టు కొనడం వల్ల కొనేవారికి ఒరిగేదీ లేదు. ఆ గుర్తే నకిలీ అని ముందుగా చాటుతుంది. గుర్తు లేని సాదా తోలు బెల్టు దానికన్నా హుందాగా ఉంటుంది. నగల విషయంలోనూ అంతే. ఆక్సిడైజ్డ్ పేరుతో నగరాల్లో అమ్ముడవుతున్న నల్లవెండి తరహా కడియాలు, కంటెలు గిరిజనుల వెండి నగలకు అనుకరణలే. అసలు వెండి కావాలనుకొనేవారికి భౌగోళిక గుర్తింపు పొందిన కరీంనగర్ ఫిలిగ్రీలో చిన్న చెవి దుద్దులు అందుబాటులో ఉంటాయి.

చేతిలో డబ్బున్నప్పుడు తగ్గింపు లేదు

తక్కువ ధరకు కొనాలంటే ఆషాఢ మాసం మంచిదని అందరికీ తెలుసు. పెళ్లిళ్లు ఉండవు కాబట్టి దుకాణాలు తగ్గింపులు ప్రకటిస్తాయి. సంక్రాంతి తర్వాత మరో విడత తగ్గింపులు ఉంటాయి. కానీ ఈ జిల్లాలో వానాకాలం సాగులో సింహభాగం పత్తిదే. పత్తి డబ్బు చేతికందేది దీపావళి నుంచి సంక్రాంతి మధ్య. దుకాణాల్లో పూర్తి ధరలు నడిచే కాలం సరిగ్గా అదే. ఆషాఢం వచ్చేసరికి ఆ డబ్బు విత్తనాలకు, ఎరువులకు వెళ్లిపోతుంది. ఫలితంగా తగ్గింపు ఎక్కువ అవసరమైనవారికే అది అందడం లేదు. వాయిదాల మీద, అప్పు మీద కొనేవారు తగ్గింపు ధరపైనా వడ్డీ కట్టవలసి వస్తుంది.

దీనికి పూర్తి పరిష్కారం లేదు గానీ, భారం తగ్గించుకొనే మార్గాలు ఉన్నాయి. సంక్రాంతి తర్వాత తగ్గింపులు మొదలయ్యే నాటికి పత్తి డబ్బు ఇంకా కొంత మిగిలి ఉంటుంది. వేసవి పెళ్లిళ్లకు కావలసిన బట్టను అప్పుడే తానుల నుంచి కోయించుకొని, కుట్టించడాన్ని వాయిదా వేసుకోవచ్చు. సాదా రంగుల నూలు, పట్టు బట్టకు ఫ్యాషన్ మారినా విలువ తగ్గదు. మారేది కత్తిరింపే. మహిళా సంఘాల్లో పొదుపు చేసే సభ్యులు పది మంది కలిసి ఒకే తాను కొంటే టోకు ధర అడగవచ్చు. గళం, చేతులు, పొడవు ఎవరికి వారు మార్చి కుట్టించుకుంటే ఒకే తాను అన్న సంగతి ఎవరికీ తెలియదు.

కుట్టు విషయంలోనూ కాలం ముఖ్యమే. బతుకమ్మ, దసరా పండుగలకు కొత్త తీరులో కుట్టించుకోదలచినవారు వినాయక చవితి లోపే బట్ట, కొలతలు దర్జీకి అప్పగించడం మేలు. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి దర్జీ దుకాణాల్లో మూటలు పైకప్పును తాకుతాయి. అప్పుడు ఫొటో చూసే తీరిక ఎవరికీ ఉండదు, పాత కొలతలతోనే కుట్టి ఇస్తారు.